బెత్తెడు దాటిన తోక

వెంకటనారాయణ గొర్రెల్లోకి దిగేనాటికి చేతిలో ఉన్న సరుకు ఇదీ: మిర్చిలో పోగా మిగిలిన మూడు లక్షల నలభై వేలు, గుంటూరు యార్డులో ఇరవయ్యేళ్లు బేరాలాడి రాటుదేలిన నాలుక, మిర్చి బస్తాల్ని, యార్డు భాషలో టిక్కీల్ని, లాగడానికి వాడే ఇనప కొక్కెం ఒకటి, భార్య బసవమ్మకు వాళ్ల నాన్న పసుపుకుంకుమల కింద రాసిచ్చిన అరెకరం నేల. ఆ అరెకరం పర్చూరు దాటాక నల్లరేగడిలో ఉంది. అందులో ఒక పాత పొగాకు బ్యారన్, ఆకు ఆరబెట్టే కొట్టు. కిటికీలు లేని ఎత్తైన ఇటుక గోడలు, పైన రేకులు. మామగారు పొగాకు మానేసిన దగ్గర్నుంచీ అందులో గబ్బిలాలు కాపురం చేస్తున్నాయి. అతను దాన్ని కూడా సరుకు కిందే కట్టుకున్నాడు.

మిర్చి ముంచిందని ఎవరన్నా జాలిపడితే ఒప్పుకోడు. "మిర్చి ఏం చేసిందయ్యా. క్వింటా ఇరవై ఒక్క వేలకి కొని, పాతిక వేలకి అమ్ముదామని కోల్డు స్టోరేజీలో పెట్టా. పదకొండుకి అమ్మా. ముంచింది ఆ పాతిక వేలు" అంటాడు.

దుంబా జాతి పొట్టేలును మొదట చూసింది బక్రీదుకు ముందు, పాత గుంటూరులో, ఒక షామియానా కింద. తెల్లటి ఉన్ని, వెనకాల తలగడంత తోక. జనం మూగి ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు. లక్షా డెబ్భై వేలకు పోయింది. వెంకటనారాయణ పొట్టేలును చూడటం మానేసి కొన్నవాడి మొహం చూశాడు. మాంసం లెక్కన వేస్తే ఆ ధర ఎందుకూ కొరగాదు. అయినా ఆ మొహంలో నష్టపోయిన నీడ లేదు. కాటాకి అందని సరుకే ఎక్కువ పలుకుతుందని యార్డు అతనికి నేర్పింది. ఇక్కడ కాటాకి అందనిది ఆ తోక.

కొన్నది మాత్రం పండగ వెళ్లిన మర్నాడు. చవితి దాటాక పత్రి అడిగేవాడుండడు, బక్రీదు దాటాక దుంబాను అడిగేవాడుండడు. హైదరాబాదు పొలిమేరలో లారీ ఖాళీ చేసుకుని ఊరికి పోవాలని తొందరపడుతున్న రాజస్థాన్ వ్యాపారి దగ్గర ఆరు ఆడగొర్రెలు, ఎనిమిది నెలల పొట్టేలు ఒకటి బేరం చేశాడు. రెండు లక్షల ఎనభై అయిదు వేలు.

గొర్రె తోక బెత్తెడని పుట్టిన దగ్గర్నుంచీ వింటూ పెరిగిన ఊరు, ఆ తోకలు చూడటానికి కదిలి వచ్చింది. "ఏంది నారాయణా, వీటికి వెనకాల దిండ్లు కట్టి తోలుకొచ్చావా?" అని ఒకడు. "దిండు కాదురా, దాని పెట్టుబడి అంతా దాని వెనకాలే ఉంది, మన నారాయణకి మల్లేనే" అని ఇంకొకడు. బసవమ్మ నవ్వి పొట్టేలుకు గుమ్మడి అని పేరు పెట్టింది.

కొత్తలోనే ఒక దెబ్బ తగిలింది. నాటు గొర్రెకు కుక్కలు ఎదురైతే పరుగు ఉంటుంది. దుంబాకు పరుగు లేదు, తోక పరిగెత్తనివ్వదు. ఒక తెల్లవారుజామున ఊరకుక్కలు నాలుగు కంప దాటి లోపలికి దిగాయి. వెంకటనారాయణ వెళ్లేసరికి ఒక గొర్రె తోకను రెండు కుక్కలు చెరోపక్కా పట్టుకుని గుడ్డ చించినట్టు చించుతున్నాయి. గొర్రె అరవలేదు, నిలబడి నేల వంక చూస్తోంది. అతను కొక్కెంతో ఒకదాని పొట్ట చీల్చాడు, ఇంకోదాని తల మీద కొక్కెం పిడి విరిగేదాకా కొట్టాడు. మిగతా రెండూ పారిపోయాయి. గొర్రె మధ్యాహ్నానికి పోయింది. సాయంత్రం కొక్కేనికి కొత్త పిడి వేయించుకుని, గొర్రెల ఖర్చులో ఆ పిడి కూడా కలిపాడు. మిగిలినవి అయిదు.

ఇక ఈ గొర్రెల్లో ఒక చిక్కుంది. ఆడదాని తోక బరువుగా వెనకంతా కప్పేసి ఉంటుంది. అనుభవం లేని కుర్ర పొట్టేలుకు దాన్ని పక్కకి తప్పించి ఎక్కడం చేతకాదు. మనిషి గొర్రె వెనకాల గొంతుక్కూర్చుని, రెండు చేతులా తోక ఎత్తి పక్కకి పట్టుకోవాలి. పొట్టేలు రాగానే తను తప్పుకోవాలి. ఆ రాజస్థాన్ వ్యాపారి ఈ సంగతి డబ్బు తీసుకున్నాక చెప్పాడు.

యార్డులో లక్షలు పాట పాడినవాడు గొర్రె తోకలెత్తుతున్నాడని టీకొట్లో చెప్పుకుని నవ్వారు. "పెళ్లిపెద్దగారూ, ఇవాళ ముహూర్తాలున్నాయా?" అని అడిగారు. అతను లెక్కచేయలేదు. కానీ రెండోసారో మూడోసారో తప్పుకోవడం ఒక్క క్షణం ఆలస్యమై, గుమ్మడి తల అతని భుజానికి తగిలింది. మూడు రోజులు చెయ్యి లేవలేదు. అప్పటికది అరవై కిలోలు. మొదట్లో చూళ్లు నిలవలేదు గానీ, నెలలు గడిచేకొద్దీ గుమ్మడి నూరు కిలోలకు వచ్చింది, పైగా గుర్తు పట్టడం నేర్చుకుంది. మనిషన్నవాడు గొర్రె వెనకాల కూర్చుని తోక మీద చెయ్యి వేస్తే చాలు, అది నాలుగడుగులు వెనక్కి వేసి తల వంచేది. బసవమ్మ గొర్రెల వెనక పెంట కడగడానికి తోకలెత్తినా అంతే. అందుకని దానికి వేరే కొట్టం కట్టి, చెక్క తలుపుకు ఇనప గడియ పెట్టించాడు. గడియ పడకుండా ఎవరూ తోక ముట్టుకోకూడదు. ఆ ఇంట్లో అదొక్కటే కట్టుబాటు.

అరెకరానికి తూర్పున తుమ్మకంప, కంపకు అవతల శివరామకృష్ణ మిర్చిచేను. శివరామకృష్ణ బసవమ్మ తమ్ముడు. అరెకరం అక్కకు పోయిందన్న బాధ తండ్రి బతికుండగా మింగాడు, పోయాక కక్కలేకపోయాడు. అయినా బావతో మాట బాగానే ఉండేది. ఆ ఏడు చైత్రం వెళ్లాక అదీ చెడింది.

మిర్చి ధర పడిపోయి, ఎవరూ అమ్మక, కోల్డు స్టోరేజీలన్నీ నిండిపోయాయి. శివరామకృష్ణ పంట కల్లంలో ఎర్రగా పరుచుకుని ఉంది. ఆకాశం మబ్బు పట్టింది. అతను కంప దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"బావా, బ్యారన్ ఒక పది రోజులు ఇవ్వు. టిక్కీలు తొక్కి లోపల పడేస్తా. వాన తెరిపిచ్చాక తీసుకుపోతా."

"లోపల గొర్రెలున్నాయి కదరా."

"గొర్రెల్ని బయట రేకుల పందిరి కింద కట్టుకో. వాటికేం, ఒంటి మీద దుప్పట్లు కప్పుకునే పుట్టాయి."

వెంకటనారాయణ నవ్వలేదు. మిర్చి ఘాటుకు గొర్రె దగ్గుతుంది. దగ్గితే మేత మానుతుంది. పండగకు నెల రోజులుంది. గుమ్మడి పది కిలోలు తగ్గితే తోక వదులవుతుంది, తోక వదులైతే ముప్పై వేలు పోతాయి. బావమరిది మిర్చి తడిస్తే తన జేబులోంచి పోయేదేమీ లేదు. లెక్క అక్కడితో తెగింది.

"కుదరదురా శివా."

బసవమ్మ మేత గంప కింద పెట్టి, "ఇవ్వొచ్చుగా" అంది. ఆ బ్యారన్ ఆమెది. అతను విననట్టు గంపలోంచి మేత తీసి గొర్రెలకు వేశాడు.

వాన ఆ రాత్రే కురిసింది. కాయల మీద కప్పిన పట్టాలు గాలికి లేచిపోయాయి. తెల్లారేసరికి కల్లంలో మోకాటి లోతున ఎర్రనీళ్లు, వాటి మీద తేలుతున్న కాయలు. అవి ఎండినా ఇక తాలుకాయలే, అడిగినవాడు అడిగిన రేటుకు ఇవ్వాల్సిందే. శివరామకృష్ణ కల్లం గట్టున కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, కంపలోంచి ఒక గుంజ పీక్కుని ఇవతలికి వచ్చాడు.

అప్పటికి గొర్రెలు బయట సుబాబుల్ ఆకు తింటున్నాయి. ముందు దొరికినదాని నడుం మీద రెండు చేతులా ఎత్తి వేశాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. గొర్రె వెనక కాళ్లు చచ్చుబడి, ముందు కాళ్లతో తనను తాను ఈడ్చుకుంటూ ఆకు దగ్గరికే పోవాలని చూసింది. వెంకటనారాయణ కొక్కెం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. రెండో దెబ్బ అతని మెడకూ భుజానికీ మధ్య పడింది, అక్కడి ఎముక విరిగింది.

"పది రోజులు అడిగానురా నిన్ను," అన్నాడు శివరామకృష్ణ. బావను రా అనడం అదే మొదలు. "గొర్రెలకిచ్చిన చోటు మనిషికి ఇవ్వలేకపోయావా."

మూడో దెబ్బకు గుంజ ఎత్తాడు. వెంకటనారాయణ పనిచేసే చేత్తో కొక్కెం ఊపి వేశాడు. అది బావమరిది ముంజేతిలో దిగింది. దిగిన కొక్కేన్ని టిక్కీని లాగినట్టు తన వైపు లాగాడు. కండ విచ్చుకుని తెల్లటి నరం బయటపడింది. శివరామకృష్ణ మోకాళ్ల మీద పడ్డాడు. వెంకటనారాయణ వదల్లేదు, పడినవాడి మొహం మీద కాలితో తన్నాడు. పన్ను ఒకటి ఊడి తడిమట్టిలో పడింది. రెండోసారి కాలెత్తేసరికి బసవమ్మ వచ్చి ఆ కాలు పట్టుకుంది.

ఆమె ఏడవలేదు. చీర కొంగు చింపి తమ్ముడి చెయ్యి కట్టింది, మిగిలిన ముక్కతో మొగుడి చెయ్యి మెడకు కట్టింది. తర్వాత నడుం విరిగిన గొర్రె దగ్గర కూర్చుని, అది అందుకోలేని ఆకును దాని నోటికి పెట్టింది. పర్చూరు నుంచి కటికవాడు వచ్చి దాన్ని పన్నెండు వేలకు కొనుక్కుపోయాడు. మిగిలినవి నాలుగు.

మర్నాడు అత్తగారు పిచ్చమ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. లోపలికి రాకుండా గేటు అవతలే నిలబడింది.

"అల్లుడుగారూ, వాడి పన్ను దొరికిందా?"

"పన్నెందుకత్తా ఇప్పుడు?"

"తూయిద్దామని. ఒకడు ఎముక విరగ్గొట్టుకున్నాడు, ఒకడు పన్ను ఊడగొట్టుకున్నాడు. ఇద్దరికీ సరిపోయిందేమో తూచి చెప్తావని వచ్చా. తూకం నీకు బాగా తెలుసు కదా."

వెంకటనారాయణ తూచే చూశాడు. పోలీసుల దాకా పోతే ఇద్దరి మీదా కేసులవుతాయి, వాయిదాలకు తిరగడంలోనే పండగ దాటిపోతుంది. "నా వైపు నుంచి అయిపోయింది" అన్నాడు.

"వాడి వైపు నుంచి అవలా" అంది పిచ్చమ్మ. అది బెదిరింపుగా అనలేదు, వాన పడేట్టుంది అన్నట్టు అని వెళ్లిపోయింది.

పండగ దగ్గరపడ్డాక గుంటూరు నుంచి ఖాదర్‌బీ కారులో దిగింది. పాత గుంటూరులో రెండు మాంసం కొట్లున్న మనిషి, భర్త పోయాక కొట్లు తనే చూసుకుంటోంది. గుమ్మడిని బయటికి నడిపించమంది. నడక చూసింది. దవడ విడదీసి పళ్లు చూసింది. కళ్ల ముందు చెయ్యి ఆడించింది. చెవులు రెండూ వేళ్ల మధ్య సాగదీసి అంచుల వెంబడి తడిమింది. ఆఖరికి తోక కింద రెండు చేతులూ పెట్టి ఎత్తి, "ఓరి నీ తోక బంగారం కానూ" అంది.

"బీబమ్మగారూ, రెండు లక్షలకి తక్కువ ఆలోచించకండి."

"రెండు లక్షలకి నిన్ను కూడా ఇస్తావా నారాయణా? లక్షా అరవై. అదీ పండగ ముందురోజు, ఇదే రూపాన నా కళ్ల ముందు నిలబెడితే. మా కుర్బానీకి జీవం నిండుగా ఉండాలి. కుంటిది పనికిరాదు, గుడ్డిది పనికిరాదు. చెవి సగం తెగినా, తోక తెగినా నాకు వద్దు. ఆ తర్వాత అది కూరకే."

ఆమె గొంతు పెద్దది. కొట్లో నలుగురు పనివాళ్ల మీద అరిచి అలవాటైన గొంతు. కంపకు అవతల కట్టుకట్టిన చేత్తో తాలుకాయలు ఏరుకుంటున్న శివరామకృష్ణ నడుం నిటారుగా చేసి ఇటు చూశాడు. వెంకటనారాయణ అది చూశాడు. చూసి కూడా, లక్షా అరవైలోంచి దాణా ఖర్చు తీసేస్తే ఎంత మిగులుతుందా అన్న లెక్కలో ఉండి, ఆ చూపును ఎక్కడా కట్టుకోలేదు. తన బతుకులో అంత ఖరీదైన పొరపాటు ఇంకొకటి లేదని తర్వాత అనుకున్నాడు.

పండగకు ఇంకా మూడు రోజులుండగా, మిట్టమధ్యాహ్నం, రోహిణి ఎండలో ఊరంతా తలుపులు మూసుకుని పడుకున్న వేళ, అతను పర్చూరు నుంచి పత్తి చెక్క బస్తా వేసుకుని వస్తున్నాడు. బసవమ్మ బండి వెనకాల, ముందేమీ కనబడనంత ఎత్తు బస్తాను మధ్యన పట్టుకుని కూర్చుంది. గేటు తీసే ఉంది. బండి ఆపాడు.

గుమ్మడి తన కొట్టంలో నిలబడి తల విదిలిస్తోంది. విదిలించినప్పుడల్లా తలుపు మీద రక్తం చిందుతోంది. ఎడమ చెవి సగానికి లేదు. ఇవతల ఒక గొర్రె గోడకు ఆనుకుని వణుకుతోంది. దాని తోక కింద అరవంతు తెగి వేలాడుతోంది. లోపలి కొవ్వు ముందు తెల్లగా కనబడి, చూస్తుండగానే ఎర్రబడింది. శివరామకృష్ణ చొక్కా రక్తంతో ఒంటికి అంటుకుపోయి ఉంది. కొడవలి పట్టుకుని రెండో గొర్రె వెనక్కి వెళుతున్నాడు. చెవి కొయ్యడానికి కొట్టం తలుపు తెరిచి, పొట్టేలు కుమ్మితే బయటపడి తలుపు లాగాడు. లాగాడు గానీ గడియ వెయ్యలేదు. అది పక్కకి వేలాడుతోంది. ఆ గడియ దేనికో అతనికి తెలియదు.

వెంకటనారాయణకు తెలుసు.

శివరామకృష్ణ గొంతుక్కూర్చున్నాడు. ఎడం చేత్తో తోక ఎత్తాడు.

తలుపు వెనక గుమ్మడి విదిలించడం ఆపింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. గేటు నుంచి అక్కడికి ఇరవై గజాలుంటుందేమో. "లెయ్యరా" అంటే చాలు. ఆ మాట వెంకటనారాయణ గొంతు దాకా వచ్చింది. దానితో పాటే లక్షా అరవై వచ్చింది, నడుం విరిగిన గొర్రె వచ్చింది, ఇంకా సరిగా అతకని మెడ ఎముక వచ్చింది. ఇవన్నీ కూడేలోగా పొట్టేలు తల వంచింది.

తలుపు పేలినట్టు తెరుచుకుంది. నూరు కిలోల జీవం కూర్చున్నవాడి నడుం మీద పడింది. అతను ఎగిరి నాపరాళ్ల నీళ్లతొట్టికి కొట్టుకున్నాడు. తుంటి విరిగిన చప్పుడు గేటు దాకా వినబడింది. చేతిలో కొడవలి అతని తొడలోనే దిగింది. పొట్టేలు వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. ఈసారి పక్కటెముకలు. అరవడానికి నోరు తెరిచాడు, నోట్లోంచి రక్తపు నురగ వచ్చింది.

"తమ్ముడూ" అంటూ బసవమ్మ బస్తా వదిలేసి పరిగెత్తింది. వెళ్లి తమ్ముడి మీదకు వంగి కూర్చుంది. తొడలోంచి ఎగజిమ్ముతున్న రక్తాన్ని రెండు చేతులా అదిమి పట్టుకుంది.

వంగి కూర్చున్న మనిషి. పక్కనే గొర్రె. గుమ్మడి మళ్లీ నాలుగడుగులు వెనక్కి వేసింది.

వెంకటనారాయణ అప్పుడు ఏమీ కూడలేదు, ఏమీ తీసెయ్యలేదు. బండి హ్యాండిల్‌కు తగిలించి ఉన్న కొక్కెం చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదు. పొట్టేలు కదిలింది, అతనూ కదిలాడు. పక్కనుంచి దాని మెడలో కొక్కెం దించి, కాళ్లు నేలలో తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న బరువంతా వేసి లాగాడు. అతని మెడ ఎముక మళ్లీ విరిగింది. పొట్టేలు పక్కకి తిరిగి అతన్నే కుమ్మింది. ఇద్దరూ కలిసి మట్టిలో పడ్డారు. దాని వేడి నెత్తురు అతని కళ్లలోకి, నోట్లోకి పోతోంది. అది లేవబోతే ఇంకాస్త లాగాడు. ఏదో తెగింది. గుమ్మడి కాళ్లు చాలాసేపు కొట్టుకున్నాయి. దాని తల బసవమ్మ పాదాలకు జానెడు దూరంలో ఆగింది.

ఆటోలో పర్చూరు, అక్కడినుంచి అంబులెన్సులో గుంటూరు. బ్రాడీపేటలో ఒక ఎముకల ఆసుపత్రిలో శివరామకృష్ణకు తుంటిలో రాడ్డు వేశారు, తొడకు కుట్లు, ఊపిరితిత్తిలోకి గొట్టం. బతుకుతాడు, కుంటుతాడు అన్నారు. పొట్టేలు పొడిచిందని రాయించారు. అబద్ధమేమీ కాదు. చెవి కోసినవాడు, కొక్కెం దించినవాడు, ఎవరి సంగతి వాళ్లు మింగి ఊరుకున్నారు.

ఆసుపత్రి మెట్ల మీద బసవమ్మ అడిగింది. "గేటు దగ్గర నోరెందుకు రాలేదు?"

"దూరం కదా. వినపడేది కాదులే."

"కాటా దగ్గర గింజ రాలితే నీకు వినపడుద్ది. నువ్వు కేకేస్తే వాడికి వినపడదా?"

అతను మెడ పట్టీ సర్దుకున్నాడు. ఆమె రోడ్డు మీద పోయే స్కూటర్లను చూస్తూ మళ్లీ అంది. "నా మీదికొస్తే మాత్రం ఆలోచించలేదు నువ్వు. అది చూశా. ఇదీ చూశా. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నా. ఏది బరువో తేలట్లేదు నాకు."

పండగ ముందురోజు ఖాదర్‌బీ ఫోన్ చేసింది. సంగతంతా విని, "జీవం పోతే పోయింది. నీ ఆడమనిషికి దెబ్బలేమన్నా తగిలాయా?" అని అడిగింది. తగల్లేదన్నాడు. "అయితే ధర గురించి నాకు చెప్పబాక" అని పెట్టేసింది. పండగ వెళ్లిన మర్నాడు మాత్రం ఆమే మళ్లీ చేసి, తన కొట్టు దగ్గర అమ్ముడుపోని పిల్లపొట్టేలు ఒకటుందని, ముప్పై వేలిచ్చి తోలుకుపొమ్మంది. తోలుకొచ్చాడు. దానికి బసవమ్మ పేరు పెట్టలేదు.

భాద్రపదంలో గుమ్మడి పిల్లలు మూడు పుట్టాయి. వాటిలో ఒకటి తోక తెగిన గొర్రెది, ఆ పిల్ల తోక నిండుగానే వచ్చింది. బసవమ్మ వంట చేసేది, వడ్డించేది, కావలసిన మాట మాట్లాడేది. అంతకు మించి మాట ఉండేది కాదు. మాఘంలో మిర్చి కోతలు మొదలవగానే ఎవర్నీ అడక్కుండా బ్యారన్ తాళంచెవి తీసుకెళ్లి తమ్ముడి మంచం మీద పెట్టి వచ్చింది. గొర్రెలు రేకుల పందిరి కిందకు మారాయి. ఘాటుకు రెండు రోజులు దగ్గి, తర్వాత అలవాటు పడ్డాయి. ఆ మాత్రం దానికి ముప్పై వేలు పోతాయని తను వేసిన లెక్క వెంకటనారాయణకు గుర్తొచ్చింది.

శివరామకృష్ణ చేతికర్ర ఊతంతో రోజూ వచ్చి బ్యారన్ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. కూలీలు టిక్కీలు లోపల పేరుస్తుంటే చూసేవాడు. బావ వైపు చూసేవాడు కాదు. పిచ్చమ్మ అన్నం క్యారేజీ తెచ్చి కొడుక్కి పెట్టి, అల్లుడికి మజ్జిగ గ్లాసు గోడ మీద పెట్టి వెళ్లేది.

ఒక సాయంత్రం కూలీలు వెళ్లిపోయాక, తోక తెగిన గొర్రె పుండు మళ్లీ చీము పట్టినట్టుందని వెంకటనారాయణ దాని వెనకాల గొంతుక్కూర్చున్నాడు. మెడ ఎముక రెండుసార్లు విరిగాక ఆ చేత్తో ఏ పనీ ఒకపట్టాన తెమలడం లేదు. మందు సీసా, దూది, నీళ్లు అన్నీ సర్దుకునే తొందరలో ఉన్నాడు. తోక ఎత్తాడు.

వెనక కొట్టంలో కొత్త పొట్టేలు అరవై కిలోలకు వచ్చి ఉంది. అది ఒక అడుగు వెనక్కి వేసింది. గడియ పక్కకి వేలాడుతోంది.

బ్యారన్ గుమ్మంలోంచి శివరామకృష్ణ చూశాడు. ఇప్పుడు ఆ గడియ దేనికో అతనికి తెలుసు. అతని తుంటికి తెలుసు. బావ వీపు కనబడుతోంది, వెనక నాపరాళ్ల తొట్టి కనబడుతోంది. పొట్టేలు ఇంకో అడుగు వెనక్కి వేసింది.

"బావా, గడియ" అన్నాడు.

వెంకటనారాయణ తోక వదిలి పక్కకి దొర్లాడు. పొట్టేలు తల తలుపును తోసుకుని వచ్చి గాలిలో ఊగి, తొట్టికి తగిలి, ఏమీ దొరకక నిలబడిపోయింది. అతను లేచి దాని చెవి పట్టుకుని కొట్టంలోకి తోసి, గడియ వేశాడు. శివరామకృష్ణ అప్పటికే తల తిప్పుకుని టిక్కీలు లెక్క పెట్టుకుంటున్నాడు. మేత గంపతో వచ్చిన బసవమ్మ కంప దగ్గరే ఆగి, తమ్ముణ్ణీ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. గంప కింద పెట్టి, వచ్చి తనే తోక ఎత్తి పట్టుకుంది. "పుండు కడుగు. చీకటి పడుద్ది" అంది. చాలా నెలల తర్వాత అతనితో ఆమె అవసరానికి మించి అన్న మాట అది. చీకటి పడుతుందని అతనికీ తెలుసు కదా.

ఆ రాత్రి పడుకుని మొదట్నుంచీ కూడుకుంటూ వచ్చాడు. పెట్టిన మూడు లక్షల నలభై వేలలో చేతిలో రొక్కం ముప్పై వేలకు లోపు. గొర్రెలు నాలుగు, ఒకదానికి తోక అరకొర. పిల్లలు మూడు. కొత్త పొట్టేలు ఒకటి. పోయినవి రెండు గొర్రెలు, గుమ్మడి, ఒక చెయ్యి సత్తువ, బావమరిది నడక. ఇక మిగిలింది ఒకటుంది. తను గేటు దగ్గర ఇవ్వకుండా దాచుకున్న మాట. దాన్ని శివరామకృష్ణ ఇవాళ ఇచ్చేశాడు. దాన్ని ఏ కాటా మీద పెట్టాలో, ఎంత కట్టాలో ఇరవయ్యేళ్ల యార్డు అనుభవానికి అంతుపట్టలేదు. చాలాసేపటి తర్వాత దాన్ని లాభం కిందే రాసుకుని, పక్కకి తిరిగి పడుకున్నాడు.